మున్నేటి ఒడ్డున చప్పుళ్ళ తిరునాళ్ళ

మాఘమాసం సగానికొచ్చేసరికి మా మెట్టలో కోతలు, నూర్పిళ్ళు అయిపోయి, మిరపచేలల్లో కాయ ఎర్రబడుతూ ఉంటుంది. పెనుగంచిప్రోలు పెద్ద తిరునాళ్ళ అప్పుడే. నందిగామ వైపు నుంచి, జగ్గయ్యపేట వైపు నుంచి, సరిహద్దు అవతల ఖమ్మం, నల్గొండ పల్లెల నుంచి జనం మున్నేటి ఒడ్డుకు చేరతారు. అక్కడ వెలసిన తిరుపతమ్మ తల్లి మహిమల మీద పుస్తకాలు అచ్చయ్యాయి. 1963లో ఎన్టీ రామారావు, కృష్ణకుమారి నటించిన సినిమా వచ్చింది. హరికథలు, పాటలు సరేసరి. ఆ తిరునాళ్ళలో వినపడే చప్పుళ్ళకు కూడా ఒక చరిత్ర ఉంది. నందిగామలో మైకుసెట్టు నడిపిన ఇంట్లో పుట్టి, జిల్లా పరిషత్తు హైస్కూళ్ళలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని గనక, ఆ చరిత్రను నాకు తెలిసినంతవరకు కాగితం మీద పెడుతున్నాను.

జర్మనీలో డొనావెషింగెన్ అని ఒక చిన్న ఊరుంది. 1921లో అక్కడ కొత్త సంగీతం కోసం ఒక ఉత్సవం మొదలైంది, ఈనాటికీ అక్టోబరులో జరుగుతుంది. అంతకుముందు ఎవరూ వినని శబ్దాలను తయారుచేసి జనం ముందు పెట్టడం దాని పని. సంగీత చరిత్రలు దాని గురించి గౌరవంగా రాస్తాయి, రాయాలి కూడా. మున్నేటి ఒడ్డున మావాళ్ళు చేసింది ఆ జాతి పనే అని నా గట్టి నమ్మకం. కాలం తెచ్చిపెట్టిన ప్రతి కొత్త వస్తువునూ తిరునాళ్ళకు పట్టుకొచ్చి, దాన్ని తయారుచేసినవాడు ఊహించని పనికి వాడారు. ఎదుటివాడి చప్పుడు విని అప్పటికప్పుడు దానికి జవాబు కట్టారు. ఇది తరతరాలుగా జరిగింది. సంగీతం తెలిసినవాళ్ళు మాత్రం దాన్ని గోలగానే లెక్కేశారు.

ఊరు తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. పెనుగంచిప్రోలు నందిగామకు ఉత్తరాన, జగ్గయ్యపేటకు తూర్పున, మున్నేటి ఒడ్డున ఉంది. ఆ ఊళ్ళో కాకాని వారింటికి కోడలిగా వచ్చిన తిరుపతమ్మ అత్తింటి ఆరళ్ళు పడింది. కరువుకాలంలో గొడ్లను తోలుకుని అడవికి పోయిన భర్త కాకాని గోపయ్య పులివాత పడ్డాడు. ఆమె అగ్నిలో ఐక్యమైంది. మాఘ పౌర్ణమికి కల్యాణంతో పెద్ద తిరునాళ్ళ, ఫాల్గుణంలో పసుపు–కుంకుమ బండ్లతో, ప్రభలతో చిన్న తిరునాళ్ళ. ఇవి కాక రెండేళ్ళకోసారి రంగుల ఉత్సవం ఉంది. అమ్మవారి విగ్రహాన్నీ తోటి దేవతల విగ్రహాలనూ రంగులు వేయించడానికి జగ్గయ్యపేటకు తీసుకెళ్ళి, రంగులయ్యాక ఊరేగింపుగా మళ్ళీ గుడికి చేరుస్తారు. నా లెక్కలో మా మెట్ట శబ్దచరిత్రకు గుండెకాయ ఆ దారే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అన్నిటికంటే పాతది డప్పు.

మా నాన్నకు బాగా కావలసిన ఒక పెద్దాయన ఉండేవాడు. జగ్గయ్యపేట అవతలి పల్లె. డప్పు ఆయన తండ్రిదీ తాతదీ కూడా. నేను ఆయన్ని తాతా అని పిలిచేదాన్ని. డప్పు ఎలా పుడుతుందో నాకు చూపించింది ఆయనే. చెక్క ముక్కలను వంపుగా చెక్కి కలిపి గుండ్రటి చట్రం కడతారు. దానిమీద నానబెట్టిన తోలు లాగి చింతగింజల జిగురుతో అతికిస్తారు. కుడిచేతిలో పొట్టిగా లావుగా ఉండే సిర్ర, ఎడమచేతిలో సన్నగా పొడుగ్గా ఉండే సిటికెన పుల్ల. మధ్యలో సిర్ర పడితే గంభీరంగా మోగుతుంది. అంచున పుల్ల పడితే చెవికి గుచ్చుకుంటుంది. ఈ రెండిటి మధ్య ఉన్న చోటంతా వాయించేవాడి సొంతం.

మాఘమాసంలో మున్నేటి ఒడ్డున తెల్లవారుజామున మంచు కురుస్తుంది. తోలు తేమ పీల్చుకుని వదులవుతుంది, మోత కిందికి దిగిపోతుంది. అందుకే డప్పు ఉన్నచోట మంట ఉండాలి. తాత ఎప్పుడూ ఎండుతాటాకు మంటే కావాలనేవాడు. భగ్గున లేచి వెంటనే ఆరిపోతుంది గనక తోలు కాలకుండా కాగుతుందని. తర్వాత పాఠం చెప్పేటప్పుడు ఆ మంటే నాకు ఉదాహరణ అయింది. బిగువు నాలుగింతలైతే ధ్వని పౌనఃపున్యం రెండింతలవుతుందన్న సూత్రాన్ని పిల్లలకు తాటాకు మంటతో చెప్పేదాన్ని, తీగతో కాదు.

తాత దళం ఇంకో పని చేసేది. అన్ని డప్పులనూ సమానంగా కాచేవాళ్ళు కాదు. కొన్ని బాగా కాగినవి, కొన్ని సగం కాగినవి, కొన్ని మంచులో వదిలేసినవి. వాయిస్తూ వాయిస్తూ ఉండగా కాగినవి చల్లబడి దిగేవి. ఈలోగా చల్లవాటిని మంటకు పట్టేవాళ్ళు, అవి ఎక్కేవి. ఒకే దరువు నడుస్తుండగా దాని స్వరాలు మాత్రం నిమిషనిమిషానికీ జరిగిపోతుండేవి. గుంపులో నిలబడి వింటున్నవాళ్ళకు కాళ్ళకింద నేల కదులుతున్నట్టుండేది. ఇది పొరపాటున జరిగేది కాదని నేను రూఢిగా చెప్పగలను. ఎవరు ఎప్పుడు మంట దగ్గరికి పోవాలో తాత కనుసైగతో చెప్పేవాడు.

డప్పు చరిత్ర చెప్పుకుంటూ వెట్టి సంగతి దాటేస్తే అన్యాయమవుతుంది. చాటింపుకు డప్పు, శవం ముందు డప్పు, అమ్మవారి ముందు డప్పు. ఈ పనులన్నిటినీ ఊరు మాదిగపల్లె మీద మోపింది. కూలి అడిగే హక్కు లేదు, రానని చెప్పే హక్కు లేదు. ఆ బరువు కిందే వాళ్ళు ఇంత విద్య నిలబెట్టారు. పెళ్ళికొక దరువు, చావుకొకటి, అమ్మవారికొకటి. వేటిని ఎక్కడ కలపకూడదో, ఎప్పుడు కలిపితే మనిషి గుండె జారుతుందో వాళ్ళకు తెలుసు. గోపయ్య చనిపోయే ఘట్టం కథలో వచ్చినప్పుడు తాత అమ్మవారి దరువు మధ్యలో చావుడప్పు రెండు విసుర్లు విసిరి వెంటనే వెనక్కి వచ్చేసేవాడు. ఆ రెండు విసుర్లకే ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు.

ఇక రాత్రి కథలు. మా అమ్మమ్మ కాలానికి అవి జంగం కథలు. నాకు ఊహ తెలిసేసరికి బుర్రకథ అనే పేరు స్థిరపడింది. మధ్యలో కథకుడు, భుజాన తంబుర, వేళ్ళకు అందెలు. రెండు పక్కలా డక్కీలతో వంతలు, ఒకరు హాస్యానికి, ఇంకొకరు రాజకీయానికి. ఆశువుగా చెప్పే విద్య అంతా ఈ ఇద్దరి దగ్గరే ఉండేది. కథ తాతలనాటిది. వంతల మాట మాత్రం ఆ రోజుది. మిరప ధర పడిపోయిందా, కాలవ నీళ్ళు రాలేదా, కరణం లంచం పట్టాడా, అది ఆ రాత్రి కథలోకి వచ్చి తీరాలి. కథకుడు దాన్ని విని, తన తర్వాతి చరణాన్ని దానికి తగిలేట్టు మలుచుకోవాలి. వచ్చిన ఊరిని బట్టి, కూర్చున్న జనాన్ని బట్టి కథ తెల్లవార్లూ కొత్తగా అల్లుకునేది.

ఈ రాజకీయపు వంతకు ఎంత బలముందో 1940లలో తేలింది. 1943లో విజయవాడ కేంద్రంగా ప్రజానాట్యమండలి ఏర్పడ్డాక, పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ వంటివాళ్ళు బుర్రకథను చేతబట్టుకుని ఊరూరా తిరిగారు. అప్పట్లో మునగాల పరగణా మా నందిగామ తాలూకాలోదే. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో కృష్ణాజిల్లా ముక్క. తెలంగాణ సాయుధ పోరాటం సాగిన 1946–51 మధ్య మా పల్లెలు సరిహద్దు పల్లెలు. ఆ కాలంలో ఇటు మద్రాసు సర్కారూ అటు నిజామూ బుర్రకథలను నిషేధించారు. తంబుర, రెండు డక్కీలు చూసి రెండు ప్రభుత్వాలు జడుసుకున్నాయి. కాగితం మీద రాసి ఉన్న నాటకాన్ని పోలీసు ముందుగా చదువుకోగలడు. వంత నోట ఏం వస్తుందో వంతకే అప్పటికి తెలియదు. సర్కార్లను అంతగా భయపెట్టింది ఆ ఆశువేనని నేననుకుంటాను. నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. ఎందరో వంతలకు ఏదీ రాలేదు.

తిరునాళ్ళలో పద్యనాటకాలు కూడా ఆడేవారు. హార్మోనియం అండతో పద్యం చివర తీసే రాగం నటుడి దమ్మును బట్టీ, 'వన్స్ మోర్' అరుపులను బట్టీ సాగేది. వాటి గురించి చాలామంది రాశారు గనక నేను ఆగను. అవధానం గురించి మాత్రం ఒక మాట. అందులో ఘంటాగణనం అని ఒక అంశం ఉంటుంది. పృచ్ఛకులు ఒకవైపు ప్రశ్నలు కురిపిస్తుండగా ఇంకొకరు తోచినప్పుడల్లా గంట కొడుతుంటారు, చివర్లో మొత్తం ఎన్ని దెబ్బలో అవధాని చెప్పాలి. శబ్దాన్ని లెక్కగా, అడ్డంకిగా, ఆటగా మార్చిన ఆ ఊహ కూడా మా ప్రయోగాల కోవలోదే. నందిగామలో చిన్నప్పుడు ఒక అష్టావధానం చూసి, ఇంటికొచ్చి అన్నయ్యా నేనూ కంచాలు కొట్టుకుంటూ ఎక్కాలు అప్పజెప్పుకున్నాం.

నాన్న మైకుసెట్టు యాభైల చివర్లో మొదలైంది. ఒక వాల్వు ఆంప్లిఫయరు, దానికి కారు బ్యాటరీలు, రెండు హారన్లు, స్టాండు మైకు ఒకటి, కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను. రికార్డుల్లో చాలావరకు కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో అచ్చయినవే. నిమిషానికి డెబ్భై ఎనిమిది చుట్లు, పక్కకు మూడు నిమిషాల పాట. పక్క మారినప్పుడల్లా కొత్త సూది వేయాలి, లేకపోతే గాడి అరిగిపోతుంది. ఆ సూదుల డబ్బీ నా దగ్గరుండేది. "అమ్మాయ్, సూదెయ్యి" అని నాన్న అరిస్తే పరుగెత్తడమే తిరునాళ్ళలో నా ఉద్యోగం. ఆడపిల్ల మైకు దగ్గరేమిటని బంధువులు సణిగితే నాన్న వినిపించుకునేవాడు కాదు. నాకు ఈ చెవులు ఇచ్చింది ఆయనే.

మైకు వచ్చి డప్పును మింగేసిందని చాలామంది అంటారు. నేను చూసింది వేరు. తొలి ఏళ్ళలో డప్పువాళ్ళు మైకును వాయిద్యంగా పట్టుకున్నారు.

గుడి ముందు పందిట్లో మైకు, పందిరి మీద ఒక హారన్, ఏటివైపు దారిలో దూరంగా చెట్టుకు ఇంకో హారన్ కట్టడం నాన్న అలవాటు. ఇసుకలో దిగినవాళ్ళకు కూడా వినపడాలని. తీగలో విద్యుత్తు క్షణంలో పోతుంది. హారన్ నుంచి చప్పుడు గాలిలో తిరిగి రావడానికి మాత్రం సమయం పడుతుంది. సెకనుకు సుమారు 340 మీటర్లు దాని నడక. అంటే 170 మీటర్ల దూరంలో హారన్ ఉంటే, పందిట్లో కొట్టిన దెబ్బ అర సెకను తర్వాత ఏటివైపు నుంచి మళ్ళీ వినపడుతుంది. మామూలుగా హారన్ మూతి అవతలికి ఉంటుంది గనక ఇది తెలియదు. ఒకసారి ఈదురుగాలికి కట్టు జారి హారన్ మూతి పందిరి వైపు తిరిగింది. తాత దరువుకు ఏటివైపు నుంచి బదులు రావడం మొదలైంది. హరికథ దాసుగారైతే కోప్పడి ఆపేసేవారు. తాత ఆపలేదు. కొట్టడం తగ్గించాడు. ఒక దెబ్బ వేసి, తిరిగొచ్చేదాకా ఆగి, ఆ ఖాళీలో సిటికెన పుల్లతో చిన్న చిన్న మాటలు పెట్టాడు. తర్వాత తన దెబ్బా ఏటి దెబ్బా కలిసి మూడో దరువు అయ్యేట్టు కుదుర్చుకున్నాడు. జనం ఏటివైపు కూడా ఇంకో దళం ఉందనుకుని మెడలు తిప్పి చూశారు.

నాన్న నిచ్చెన పట్టుకుని హారన్ సరిచేయడానికి పోతుంటే తాత సైగ చేసి ఆపాడు. ఆట అయిపోయాక దగ్గరికొచ్చి, "అబ్బాయా, రేపు దాన్నింకో ఇరవై బారలు యెనక్కి కట్టు. దరువు దానికింకా చోటు అడుగుతాంది" అన్నాడు. ఇరవై బారలంటే నూట ఇరవై అడుగులు. లెక్క వేస్తే సెకనులో పదో వంతు చిల్లర. దరువులో అంత సన్నటి తేడాను ఆయన చెవితో కొలిచి, చెట్ల మధ్య దూరంగా మార్చి అడిగాడు. నేను డిగ్రీకి వెళ్ళి ధ్వనివేగం చదివినప్పుడు నాకు పుస్తకం కొత్తగా చెప్పిందేమీ లేదు. ఆ తర్వాతి ఏళ్ళలో తాత దళం వస్తుందంటే నాన్న తీగ చుట్ట అదనంగా వేసుకుని వెళ్ళేవాడు. ఏ చెట్టు ఏ దరువుకు నప్పుతుందో ఇద్దరూ కలిసి పగలంతా నడిచి తేల్చుకునేవాళ్ళు.

మైకు కూత సంగతి కూడా చెప్పాలి. హారన్‌లోంచి వచ్చిన చప్పుడు మళ్ళీ మైకులోకి పోతే, అది మళ్ళీ పెద్దదై హారన్‌కు పోతే, క్షణాల్లో చెవులు చిల్లులు పడే కూత పుడుతుంది. మైకువాడికి అది అవమానం, హారన్ యూనిట్‌లో డయాఫ్రం చిరిగితే నష్టం కూడా. ఒక బుర్రకథ దళం నాయకుడు ఆ కూత మీద మనసు పడ్డాడు. గోపయ్య మీద పులి దూకే చోటుకు వచ్చేసరికి తంబుర పక్కన పెట్టి, మైకును స్టాండుతో సహా ఎత్తి హారన్ వైపు మెల్లగా వంచాడు. గుర్రుమని మొదలై పైకి లేచింది. మైకు దూరం జరిపితే తగ్గుతుంది, దగ్గరికి తెస్తే లేస్తుంది, అరచేయి అడ్డం పెడితే గొంతు మారుతుంది. ఆయన పులిని అలా ఆడించాడు. పిల్లలు ఏడ్చారు. నాన్న ఆంప్లిఫయరు మీద చెయ్యి వేసి ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు గానీ వాల్యూం తగ్గించలేదు.

ఇదే కాలంలోనూ అంతకుముందూ బయటి ప్రపంచంలో ఏం జరిగిందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇటలీలో లూయిజీ రుస్సోలో 1913లోనే యంత్రాల రొదను సంగీతంగా వినాలని ప్రకటన రాసి, రొద పుట్టించే పెట్టెలు తయారుచేశాడు. 1948 అక్టోబరు 5న పారిస్ రేడియోలో పియెర్ షెఫర్ రైళ్ళ చప్పుళ్ళను రికార్డుల మీద పట్టి, ముక్కలుగా కూర్చి వినిపించాడు. అదే ఏడాది డిసెంబరు 1న విజయవాడలో మన రేడియో కేంద్రం మొదలైంది. 1969లో అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ సంగీతకారుడు మూగ్ సింథసైజరు తెచ్చి పెడితే, గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్ వంటి మనవాళ్ళు దానిమీద టేపులు చేశారు. దశాబ్దాల తర్వాత ఆ టేపులు బయటపడితే లోకం ఆశ్చర్యపోయింది. కూతతో కూడిన ప్రయోగాలు అమెరికాలో అరవైలలో కచేరీలయ్యాయి. వాటి మీద వ్యాసాలున్నాయి, తేదీలున్నాయి, రికార్డులున్నాయి. మా పులికూత రికార్డు కాలేదు. నాన్న దగ్గర గ్రామఫోను ఉంది గానీ టేపురికార్డరు లేదు.

జగ్గయ్యపేట పక్కన ధనంబోడు మీది బౌద్ధస్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. చెక్కిన పలకలు మద్రాసు మ్యూజియానికి చేరాయి. వాటిలో మాంధాత చక్రవర్తి మీద నాణేలు వర్షంలా కురిసే బొమ్మ ఇప్పుడు చాలామందికి తెలుసు. సుమారు రెండు వేల ఏళ్ళనాటి రాయి దొరికితే దాని చిరునామా మళ్ళీ రాసుకోగలిగాం. యాభై ఏళ్ళ కిందటి దరువును పట్టుకోలేకపోయాం. నాకిది చాలా బాధ.

రంగుల ఉత్సవం దారికి వస్తాను. ఊరేగింపు పల్లె పల్లెకూ ఆగుతుంది. పొలిమేర దాకా ఒక ఊరి డప్పులు వస్తాయి, అక్కడినుంచి ఇంకో ఊరివి అందుకోవాలి. ఒకరు ఆపాక మరొకరు మొదలుపెట్టడం మర్యాద కాదు, అమ్మవారి ముందు చప్పుడు తెగకూడదు. కాబట్టి రెండు దళాలు కాసేపు కలిసి వాయిస్తాయి. ఒక ఊరి నడక తొందర, ఇంకో ఊరిది నిదానం. ఒకరి దరువు అయిదు దెబ్బలకు తిరిగితే మరొకరిది నాలుగింటికి. మొదట్లో రెండూ ఢీకొంటాయి. వచ్చినవాళ్ళు అవతలివాళ్ళ మొదటి దెబ్బ ఎక్కడ పడుతుందో వెతుక్కుంటారు. దెబ్బల నడక ఒకటయ్యాక, అయిదు నాలుగుల ఇరవై గనక ఇరవయ్యో దెబ్బ తర్వాత ఇద్దరి మొదలూ ఒకచోట కలుస్తుంది. ఆ కలిసిన చోట ఎవరో ఒకరు కేక వేస్తారు. అప్పటినుంచి పాతవాళ్ళు ఒక్కొక్క దెబ్బే వదిలేస్తూ వెనక్కి తగ్గుతారు. వదిలిన చోటల్లా కొత్తవాళ్ళు తమ దెబ్బ వేస్తారు. చూస్తుండగానే దరువు ఊరు మారిపోతుంది. నేను చాలా కచేరీలు విన్నాను, తని ఆవర్తనాలు విన్నాను. పొలిమేరలో జరిగే ఈ అప్పగింత అంత జాగ్రత్తగా ఒకరినొకరు వినే సంగీతం అరుదు. దీన్ని ఎవరూ సాధన చేసి రారు. ఆ రెండు ఊళ్ళవాళ్ళు రెండేళ్ళ తర్వాత అక్కడే కలుస్తారు.

తొంభైల నుంచి తిరునాళ్ళ చప్పుడు మారింది. జనరేటరు, పెట్టెలంత స్పీకర్లు, ప్రభల మీద విద్యుత్తు బొమ్మలు, ఆ తర్వాత ట్రాక్టరు ట్రాలీ నిండా డీజే. శబ్దకాలుష్యం మీద 2000లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడుస్పీకర్లు వాడకూడదు. ఇళ్ళున్నచోట పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు హద్దు. పండగలకు ఏడాదిలో పదిహేను రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్రానికి ఉంది. ఆ నిబంధన మంచిదేనని నేనంటాను. డీజేను నేను ద్వేషించేది ఎక్కువ మోత అని మాత్రమే కాదు, అది ఎవరి మాటా వినదు. రికార్డయిన పాట రికార్డయినట్టే వస్తుంది. ఎదురుగా డప్పువాడు దెబ్బ మార్చినా, ఆడవాళ్ళు కోలాటం అడుగు మార్చినా దానికి తెలియదు. హారన్‌తో మాట్లాడిన తాత దీనితో ఏం మాట్లాడగలడు?

అయినా కుర్రవాళ్ళు ఊరుకోవడం లేదు. మంట అక్కర్లేని ఫైబరు డప్పులు వచ్చాయి. ప్లాస్టిక్ రేకు, చుట్టూ బోల్టులు, పానాతో బిగించుకోవడమే. మంచుకు దిగదు, ఎండకు ఎక్కదు. దాని గొంతులో తోలు మెత్తదనం లేదని నాకు మొదట నచ్చలేదు. జగ్గయ్యపేట వైపు ఒక దళం ఈమధ్య నాలుగు ఫైబరు డప్పుల మధ్య రెండు తోలు డప్పులు పెట్టి వాయిస్తోంది. కదలని స్వరాలు నాలుగు గోడలా నిలబడితే, మంటకు ఎక్కుతూ మంచుకు దిగుతూ తోలు డప్పులు వాటి మీద తిరుగుతాయి. తాత చేసిన పనే, కొత్త సామానుతో. ఆ దళంలో ఆడపిల్లలు ఉన్నారు. వాళ్ళ అమ్మమ్మల కాలంలో ఆడది డప్పు ముట్టుకుంటే ఊరు కాదనేది. ఇప్పుడు డప్పు కళాకారులకు ప్రభుత్వం పింఛను ఇస్తోంది, 2024 జూలై నుంచి నెలకు నాలుగు వేలు. వెట్టిగా వాయించినవాళ్ళ పిల్లలు కళాకారులమని దరఖాస్తు రాసుకోవడం నా కళ్ళతో చూశాను. అది పెద్ద మార్పు. తిరునాళ్ళ ఆహ్వానపత్రంలో దాతల పేర్లు, అర్చకుల పేర్లు, వేదిక మీదికి వచ్చే పెద్దల పేర్లు వరసగా వేస్తారు. డప్పు దళాల పేర్లు కూడా ఆ వరసలో పడాలని ఊళ్ళో అడగ్గలిగిన ప్రతివాళ్ళనూ అడుగుతున్నాను.

2022 నుంచి మా ఊళ్ళు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. 2024 సెప్టెంబరు వరదకు మున్నేరు పెనుగంచిప్రోలును ముంచింది. నీళ్ళు తీశాక, డప్పులు తడిసి పాడైన ఇళ్ళకు పాత విద్యార్థులతో కలిసి వెళ్ళాను. అప్పటినుంచే ఫోన్లలో దరువులు రికార్డు చేసుకుంటున్నాం. ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చారు, ఏ సందర్భానిది, మంటకు కాచారా లేదా, అన్నీ పక్కన రాస్తున్నాం. ఒక తగవు తెగలేదు. ఊరేగింపు ఎదురుకోలుకు వాయించే దరువు అయిదు దెబ్బలదని నందిగామ వైపువాళ్ళు అంటారు. ఆరో దెబ్బ పుల్లతో చాలా మెత్తగా పడుతుందనీ, నందిగామవాళ్ళు దాన్ని వినక పోగొట్టుకున్నారనీ జగ్గయ్యపేటవాళ్ళు అంటారు. రికార్డులు నెమ్మదిగా నడిపి విన్నాను. కొందరి చేతిలో ఆరోది ఉంది, కొందరి చేతిలో ఆ చోటు ఖాళీగా ఉంది. వచ్చే చిన్న తిరునాళ్ళకు రెండు వైపులవాళ్ళూ ఒకే పందిట్లో వాయించడానికి ఒప్పుకున్నారు. ఏటివైపు చెట్టుకు ఒక హారన్ కట్టిస్తున్నాను. ఎంత దూరంలో కట్టాలో వాళ్ళే చెబుతామన్నారు.